వరదను లెక్కగట్టి నగరాలకు రక్షణ చూపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సూరత్: తాపీ నది ఒడ్డున వెలసిన సూరత్‌కు తాగునీరు ఇచ్చేదీ, వరద భయం కలిగించేదీ ఆ నదే. 1896లో ఈ నగరంలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా పనిచేసి, మంచినీటి పథకం పనులు చూసిన అధికారి తర్వాతి కాలంలో హైదరాబాద్ నుంచి ఒడిశా దాకా వరద బాధిత ప్రాంతాలకు రక్షణ మార్గాలు సూచించారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన జయంతి అయిన సెప్టెంబరు 15ను దేశం ఏటా ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆనకట్టల నిర్మాతగా ఆయనను అందరూ ఎరుగుదురు. విపత్తును ముందే అంచనా వేసి, దానికి తగిన ఏర్పాట్లు చేసుకునే పద్ధతిని నేర్పినవారిగా కూడా ఆయనను గుర్తుచేసుకోవలసి ఉంది.

తెలుగు మూలాలు

విశ్వేశ్వరయ్య 1861లో నేటి కర్ణాటకలోని చిక్కబళ్లాపుర సమీపాన ముద్దెనహళ్లిలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వికులు ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుంచి మైసూరు సీమకు వలస వెళ్లిన తెలుగువారు. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరుగా నిలిచింది. చిన్న వయసులోనే తండ్రిని కోల్పోయిన ఆయన బెంగళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, పుణె విజ్ఞాన కళాశాలలో ఇంజినీరింగ్ చదివారు. 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా చేరారు.

ఉద్యోగంలోని తొలి దశాబ్దాలు ఆయనకు నదుల స్వభావాన్ని దగ్గరగా చూపాయి. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరులో బురదనీటిని శుద్ధిచేసి నగరానికి అందించే పథకాన్ని పూర్తిచేశారు. అక్కడి నుంచి సూరత్‌కు, ఆ తర్వాత పుణెకు మారారు. పుణె సమీపాన ఖడక్‌వాస్లా జలాశయం వద్ద 1903లో అమర్చిన స్వయంచాలక గేట్లు ఆయన రూపకల్పనే. నీరు పూర్తి మట్టం దాటగానే ఆ గేట్లు వాటంతటవే లేచి అదనపు నీటిని వదులుతాయి. వరద తగ్గగానే తిరిగి మూసుకుంటాయి. కట్ట ఎత్తు పెంచకుండా ఎక్కువ నీటిని నిల్వ చేసుకోవడానికీ, కట్టకు ముప్పు రాకుండా వరదను దాటించడానికీ ఈ ఏర్పాటు తోడ్పడింది.

మూసీ విలయం

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచెత్తింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం కురిసింది. మృతుల సంఖ్య 15,000 వరకు ఉంటుందని అంచనా. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది.

బొంబాయి కొలువు నుంచి తప్పుకొని విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ చేరుకున్నారు. పరిష్కారం సూచించడానికి ముందు, జరిగినదంతా లెక్కలోకి తీసుకురావాలని నిశ్చయించుకున్నారు. ఆ ప్రాంతంలో వర్షమాపక కేంద్రాలు అతి తక్కువ. అందువల్ల ఇతర ప్రాంతాలలో సంభవించిన భారీ వర్షాల వివరాలను కూడా సేకరించి పోల్చి చూశారు. వరద గరిష్ఠ ప్రవాహాన్ని సుమారు 4,25,000 క్యూసెక్కులుగా లెక్కగట్టారు.

ఆ పరిశీలనలో మరో కారణం బయటపడింది. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. ఎగువ చెరువు తెగితే ఆ నీరు దిగువ చెరువు కట్ట మీద పడుతుంది, అదీ తెగితే దాని కింది చెరువు మీద పడుతుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి తెగిన చెరువుల నీరంతా వానతో కలిసి నగరం మీదికి వచ్చింది. వాన ఆకాశం నుంచి వచ్చినా, నష్టం ఇంతగా పెరగడానికి నేలమీది కట్టడాల బలహీనత తోడైందన్నమాట.

1909 అక్టోబరులో సమర్పించిన నివేదికలో ఆయన నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయాలను ప్రతిపాదించారు. ఉధృతంగా వచ్చే వరదను అవి పట్టి ఉంచి, నది ఒడ్లు తట్టుకోగలిగినంత మేరకే దిగువకు వదలాలి. ఇందుకు వర్షాకాలంలో జలాశయంలో కొంత భాగాన్ని ఖాళీగా ఉంచడం తప్పనిసరి. నగరంలో నది గట్లను ఎత్తు చేసి, తీరాన్ని ఉద్యానాలుగా తీర్చిదిద్దాలని, ఆధునిక మురుగునీటి వ్యవస్థ నిర్మించాలని కూడా సూచించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నివారణ ప్రధానోద్దేశంగా రూపొందిన ఈ జలాశయాలు అనంతరం జంట నగరాలకు దశాబ్దాల పాటు తాగునీరు అందించాయి.

ఒడిశా వరకు

1909లో మైసూరు సంస్థాన చీఫ్ ఇంజినీరుగా, 1912 నుంచి 1918 వరకు దివానుగా ఆయన సేవలందించారు. కావేరిపై కృష్ణరాజసాగర్ నిర్మాణం మొదలైంది ఆ కాలంలోనే. 1937లో ఒడిశాను వరదలు ముంచెత్తినప్పుడు, డెబ్బయ్యయిదేళ్లు దాటిన వయసులో మహానది పరిస్థితిని అధ్యయనం చేసి, ఎగువన జలాశయాల నిర్మాణానికి సమగ్ర పరిశోధన జరపాలని సూచించారు. ఆ ఆలోచన తర్వాతి కాలంలో హిరాకుడ్ ఆనకట్టకు దారితీసింది. 1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్య, నూరేళ్లు నిండిన తర్వాత 1962 ఏప్రిల్ 14న బెంగళూరులో కన్నుమూశారు.

మిగిలిన పాఠం

సూరత్‌కు ఎగువన తాపీపై ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తయింది. అయినా 2006 ఆగస్టులో ఎగువన కుంభవృష్టి కురిసే వేళకే జలాశయంలో నిల్వ అధికంగా ఉండటంతో, తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని వదలవలసి వచ్చింది. నగరంలో అధిక భాగం నీట మునిగింది. ఆ అనుభవం తర్వాత ఎగువ వర్షపాతం, జలాశయ మట్టం, ప్రవాహ అంచనాలను కలిపి చూసి, ప్రజలను ముందుగా హెచ్చరించే వ్యవస్థను సూరత్ ఏర్పరచుకుంది.

హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో మళ్లీ చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వు భవితవ్యంపై చర్చ ఇంకా సాగుతోంది.

జలాశయాన్ని నిండుగా ఉంచితే వేసవిలో దాహం తీరుతుంది, కొంత ఖాళీగా ఉంచితే వరద నుంచి నగరం దక్కుతుంది. ఏటా తొలకరితోనే తాపీ తీరంలోనూ, మూసీ తీరంలోనూ అధికారులు ఈ రెంటి మధ్య నిర్ణయం తీసుకోవలసి వస్తోంది. ఆ నిర్ణయానికి వర్షపాతం, ప్రవాహం, చెరువుల స్థితి ఆధారం కావాలని విశ్వేశ్వరయ్య 1909లోనే లెక్కలతో చూపించారు.