దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) ప్రముఖ స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, సంఘసేవకురాలు. ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా తెలుగువారికి, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా దేశానికి సుపరిచితురాలు. ఈమె నెలకొల్పిన ఆసుపత్రులు, కళాశాలల గురించి చాలామంది వ్రాశారు. వాటన్నిటికి ముందు ఈమె నడిపిన పిల్లల ఆటపాటల సంఘం గురించి, తరువాతి కాలంలో ఈమె చొరవతో గ్రామాలలో వెలసిన బాలవాడీల గురించి వ్రాసినది తక్కువ. అందుచేత ఈ వ్యాసంలో ఆ భాగం కొంత విస్తారంగా ఇవ్వబడినది.

బాల్యము, వివాహము

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. బాల్యం ఎక్కువభాగం కాకినాడలో గడిచింది. ఎనిమిదవ ఏట మేనరికపు సంబంధంలో సుబ్బారావుతో వివాహం జరిగింది. ఆ వయసు పిల్లలు ఇంటి అరుగు మీద బొమ్మలపెళ్ళి చేసుకుంటూ ఉంటారు. ఈమెకు నిజం పెళ్ళే జరిగింది. యుక్తవయసు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగడానికి ఈమె అంగీకరించలేదు. తండ్రి, సోదరుడు ఈమె నిర్ణయాన్ని సమర్థించారు. ఆనాటి సమాజంలో ఆడపిల్ల ఇటువంటి నిర్ణయం తీసుకోవడమే అరుదు, పుట్టింటివారు దానికి అండగా నిలవడం మరింత అరుదు.

ఆంగ్ల మాధ్యమంలో బోధనకు నిరసనగా చిన్నవయసులోనే బడి మానివేసింది. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల ప్రారంభించింది. అప్పటికి ఉపాధ్యాయురాలి వయసు, విద్యార్థినుల వయసు ఇంచుమించు ఒకటే. తాను వదిలిన బడి స్థానంలో తనకు నచ్చిన బడిని తానే కట్టుకున్నదని చెప్పవచ్చు. జీవితాంతం ఈమె పని చేసిన తీరు ఇదే.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు దుర్గాబాయికి పన్నెండేళ్ళు ఇంకా నిండలేదు. దేవదాసీలను, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలను ఆయనతో సమావేశపరచాలని పట్టుబట్టింది. స్థానిక కార్యకర్తలు అందుకు ఐదువేల రూపాయల నిధి సమకూర్చాలని షరతు పెట్టగా, ఆ స్త్రీల సహాయంతోనే నిధి సమకూర్చింది. సభలో గాంధీజీ హిందూస్తానీ ప్రసంగాన్ని ఈమె తెలుగులోనికి అనువదించింది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా ఉండి, టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వని సంఘటన బహుళ ప్రచారం పొందినది.

ఉద్యమము, కారాగారము, చదువు

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో జరిగినపుడు దుర్గాబాయి అందులో ప్రముఖ పాత్ర వహించింది. 1930-1933 మధ్య మూడు పర్యాయాలు జైలుకు వెళ్ళింది. మధురై జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించింది. అక్కడ శిక్ష అనుభవిస్తున్న స్త్రీలలో చాలామందికి తమ మీద మోపిన నేరమేమిటో, తమ చేత దేని మీద వేలిముద్ర వేయించారో కూడ తెలియదని గ్రహించింది. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పానికి ఇది ఒక కారణం.

విడుదలైన తరువాత ప్రత్యక్ష రాజకీయాల నుండి తప్పుకుని, బడి మానిన పుష్కరకాలం తరువాత మళ్ళీ పుస్తకం పట్టింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలయింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదవాలని కోరగా, స్త్రీలకు వసతి గృహం లేదన్న అభ్యంతరం ఎదురైంది. చదువుకోదలచిన యువతులు తనతో కలిసి రావాలని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చిన వారితో వసతి గృహం ఏర్పాటు చేసుకుని ప్రవేశం పొందింది. పట్టభద్రురాలైన తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి, న్యాయవాద వృత్తి చేపట్టింది.

బృందావనపు చిన్నారులు

మద్రాసు మైలాపూరులో నివసిస్తున్న కాలంలో, చుట్టుపక్కల ఇళ్ళలోని తెలుగు బాలికలను చేరదీసి దుర్గాబాయి ఒక చిన్న సంఘం ఏర్పరచింది. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. ఆటలు, పాటలు, నాటికలు, వాటితో కలిపి హిందీ - ఇదీ ఆ సంఘపు కార్యక్రమం. పరీక్షలు లేవు, తరగతులు లేవు. పాట నేర్చుకునే పిల్లకు ఆ పాటలోని మాటలు వస్తాయి, నాటికలో వేషం కట్టే పిల్లకు నలుగురిలో నిలబడి మాట్లాడడం వస్తుంది. ఇంటిలో పెద్దల ఎదుట నోరు విప్పకూడదని పెరిగిన ఆడపిల్లలకు ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు.

పిల్లల వెంట తల్లులు రావడం మొదలైంది. వారిలో బాల్యంలో పెళ్ళి అయి చదువు ఆగిపోయినవారు, వితంతువులు, భర్తలు వదిలివేసినవారు ఉన్నారు. వీరికి కూడ ఏదైనా చేయాలన్న ఆలోచన నుండి 1937లో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. బెనారస్ మెట్రిక్యులేషన్‌కు తాను చదివిన పద్ధతిలోనే, ఎదిగిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయించే తరగతులను ఈ సభ నడిపింది. కాలక్రమంలో వసతి గృహాలు, వృత్తి శిక్షణ, ప్రసూతి వైద్యశాల, పాఠశాలలు వచ్చి చేరాయి. తరువాత హైదరాబాదులో కూడ సభ విస్తృతంగా పనిచేసింది. ఇంత పెద్ద సంస్థకు విత్తనం పెద్దల సమావేశం కాదు, పిల్లల ఆట. దీనిని ఒక సరదా విశేషంగా చెప్పి వదిలివేయడం కద్దు. కాని పిల్లలున్న చోటికి తల్లి సంకోచం లేకుండా వస్తుందన్న ఎరుక ఈమె తరువాత చేపట్టిన పనులన్నిటిలో కనిపిస్తుంది.

మరియా మాంటిస్సోరీ 1939 నవంబరులో ఇదే మద్రాసు నగరానికి వచ్చి, అడయారులో ఉపాధ్యాయుల శిక్షణ తరగతులు నిర్వహించడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. పసివాడు చేతులతో వస్తువులను తాకి, మార్చి, పేర్చి నేర్చుకుంటాడన్న ఆమె సిద్ధాంతం ఆ దశాబ్దంలో దక్షిణాదిన విస్తరించింది. అయితే ఆ బడులు చాలావరకు ఖర్చుతో కూడిన పరికరాల మీద ఆధారపడినవి, పట్టణాలలోనివి.

రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘము

1946లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఈమె. హిందూస్తానీని జాతీయ భాషగా సమర్థించింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుండి 30కి తగ్గించే సవరణ ప్రతిపాదించింది. 1952 ఎన్నికలలో ఓడిపోయిన తరువాత ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమితురాలైంది. 1953 జనవరి 22న ఆర్థికవేత్త, అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది.

సంక్షేమ మండలి, బాలవాడీలు

మొదటి పంచవర్ష ప్రణాళికలో సాంఘిక సేవ చేసే స్వచ్ఛంద సంస్థలకు సహాయం నిమిత్తం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించబడినవి. ఆ సొమ్మును పంచే బాధ్యతతో 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా, దుర్గాబాయి దానికి తొలి అధ్యక్షురాలైంది. స్వచ్ఛంద సంస్థలు అధికంగా పట్టణాలలోనే ఉండడంతో, దరఖాస్తులు వచ్చిన చోటికే డబ్బు పంపితే గ్రామాలకు ఏమీ చేరదని త్వరలోనే తేలిపోయింది. అందుకని 1954లో సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభించారు. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కొన్ని గ్రామాలను ఒక సమూహంగా తీసుకుని, వాటి మధ్య కేంద్రాలు తెరవడం ఈ పథకం స్వరూపం. కేంద్రంలో పసిపిల్లలకు బాలవాడి, గర్భిణులకు మంత్రసాని సేవ, స్త్రీలకు చేతిపని, అక్షరాలు నేర్పే ఏర్పాటు ఉండేవి.

బాలవాడి అన్న భావన దుర్గాబాయి కనిపెట్టినది కాదు. గిజూభాయి బధేకా 1920లో గుజరాతులోని భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో పశ్చిమ తీరాన బోర్డీ గ్రామంలో పేదపిల్లల కోసం బాలవాడి నడిపింది. మాంటిస్సోరీ పరికరాలకు బదులుగా అక్కడ దొరికే గులకరాళ్ళు, గవ్వలు, గింజలు, ఆకులు వాడడం, పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిటిలోకి తీసుకుపోవడం ఆమె చూపిన దారి. అంగన్‌వాడి అనగా ముంగిలిలోని బడి. దుర్గాబాయి చేసినది ఇటువంటి ప్రయోగాలకు ప్రభుత్వధనాన్ని, దేశవ్యాప్తమైన యంత్రాంగాన్ని జోడించడం. ప్రయోగం చేసేవారు ఒక ఎత్తు, దానిని మారుమూల గ్రామానికి చేర్చగలిగేవారు ఒక ఎత్తు. రెండవ పని పేరు తెచ్చిపెట్టేది కాదు.

ఆటద్వారా నేర్పడమంటే తెలుగు పల్లెలలో కొత్తగా తెచ్చిపెట్టవలసినది పెద్దగా లేదు. వామనగుంటలలో చింతపిక్కలు గుంటకొకటి చొప్పున వేస్తూ పోయే పిల్లకు లెక్క నోటితో కాక వేళ్ళతో వస్తుంది. గుజ్జనగూళ్ళలో ఒకరు తల్లి, ఒకరు చుట్టం, ఒకరు అంగడివాడు అయి మాటలు పెంచుకుంటారు. చెమ్మచెక్కలో లయ, దాగుడుమూతలలో అంకెల వరుస, తన వంతు వచ్చేవరకు ఆగడం ఉన్నాయి. బాలవాడిలో శిక్షణ పొందిన సేవిక చేయవలసినది వీటిని చెదిరిపోకుండా ఒక పూటకు కుదిర్చి, ప్రతి బిడ్డకు వంతు వచ్చేటట్లు చూడడం, ఆటను మెల్లగా అక్షరం వైపు నడపడం. వినడానికి తేలికగా ఉన్నా, ముప్పైమంది పసివాళ్ళతో రోజూ చేయడం తేలిక కాదు.

అసలు చిక్కు సేవికల దగ్గరే వచ్చింది. పల్లెలో ఉండి పనిచేయగల, ఆమాత్రం చదువున్న స్త్రీలు దొరకలేదు. పట్టణం నుండి పంపినవారు నిలవలేదు. దీనికి విరుగుడుగా మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ప్రవేశపెట్టింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే ఇప్పుడు దేశమంతటా చేయబూనారు. చదువు ఆగిపోయిన స్త్రీలు తిరిగి చదివి బాలసేవికలు, గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు కావడం ఈ కోర్సుల ఉద్దేశ్యం. ఆ విధంగా మైలాపూరు బాలికల సంఘానికి వచ్చిన తల్లుల కథ మరొకసారి, మరింత పెద్ద ఎత్తున జరిగింది.

1958లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి దుర్గాబాయి అధ్యక్షత వహించి 1959లో నివేదిక సమర్పించింది. ఆడపిల్లల చదువుకు, పసిపిల్లల సంరక్షణకు ఉన్న ముడి తీరప్రాంతాలను చూస్తే బాగా అర్థమవుతుంది. నెల్లూరు తీరంలోని పట్టపుపాలేలలో వేటకు మగవారు సముద్రం మీదికి పోతే, చేపల గంప నెత్తిన పెట్టుకుని అమ్మకానికి పోయేది తల్లి. చంటిబిడ్డను చంకన వేసుకుని ఇసుకలో ఆడించవలసినది ఏడెనిమిదేళ్ళ అక్క. బడి మానేది కూడ ఆ అక్కే. చిన్నవాడు బాలవాడిలో గవ్వలు ఏరి పెద్దవి, చిన్నవి వేరుచేస్తూ కూర్చున్న ఆ మూడు గంటలలో అతడు నేర్చుకునేది ఒకటైతే, అక్కకు దొరికిన తీరిక మరొకటి. ఇటువంటి చోట శిశుకేంద్రం ఒకేసారి ఇద్దరికి బడి అవుతుంది.

ఈ కార్యక్రమానికి లోపాలు లేకపోలేదు. స్వచ్ఛంద సంస్థల మీద ఆధారపడినందువలన బలమైన సంస్థ ఉన్న చోట బాలవాడి చక్కగా నడిచింది, లేనిచోట కుంటుపడింది. 1970-71లో బాలవాడీల ద్వారా పోషకాహార పథకం మొదలయింది. ఆకలితో ఉన్న బిడ్డకు ఆహారం పెట్టడం సర్వథా అవసరం. అయితే అప్పటినుండి శిశుకేంద్రమంటే అన్నం పెట్టే చోటని మాత్రమే పేరుపడి, ఆట వెనుకకు పోయిందన్న విమర్శ ఉన్నది. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైంది. బాలవాడి స్థానంలో అంగన్‌వాడి అన్న మాట స్థిరపడినది. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య ఈ పథకంలోని ఆరు సేవలలో ఒకటి.

తరువాతి జీవితము

మండలి నుండి వైదొలగిన తరువాత కూడ దుర్గాబాయి సేవారంగంలోనే ఉన్నది. ఈమె సంపాదకత్వంలో భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వం 1968లో వెలువడినది. భర్తతో హైదరాబాదులో స్థిరపడి, ఆంధ్ర మహిళా సభ విద్యాసంస్థలను, ఆసుపత్రిని, వయోజన విద్యా కార్యక్రమాలను పెంచింది. అక్షరాస్యతా కృషికి 1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం లభించింది. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం ఈమెకు, అదే సంవత్సరం చింతామన్ దేశ్‌ముఖ్‌కు కూడ లభించినది. ఆత్మకథను 1980లో ఆంగ్లంలో ప్రచురించింది. మరుసటి సంవత్సరం మే 9న మరణించింది. ఈ దంపతులకు సంతానం లేదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో స్త్రీ, శిశు సంక్షేమ శాఖ కేంద్రాలకు దుర్గాబాయి మహిళా శిశు వికాస కేంద్రాలని ఈమె పేరు పెట్టారు. ఢిల్లీ మెట్రోలో 2018లో ప్రారంభమైన ఒక స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని పేరు.