నిరుపేద రైతు నేస్తం – జార్జ్ వాషింగ్టన్ కార్వర్

వేరుశనగ నుంచి వందలాది వస్తువులు తయారుచేసిన శాస్త్రవేత్తగా జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మనలో చాలామంది విన్నదే. అయితే ఆయన జీవితంలో అంతకన్నా విలువైన భాగం మరొకటి ఉంది. ఎరువు కొనడానికి చేతిలో డబ్బు లేని రైతు తన పొలాన్ని ఎలా బాగుచేసుకోవచ్చో చేసి చూపడానికి ఆయన 47 ఏళ్లు ఒకే చోట పనిచేశారు.

కార్వర్ 1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, డైమండ్ గ్రామం దగ్గర ఒక బానిస తల్లికి జన్మించారు. పసిబిడ్డగా ఉండగానే దుండగులు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. యజమాని మోజెస్ కార్వర్ ఒక గుర్రాన్ని ఇచ్చి బిడ్డను వెనక్కి తెచ్చుకోగలిగారు. తల్లి జాడ మాత్రం మళ్లీ తెలియలేదు. బానిసత్వం రద్దయిన తరువాత మోజెస్, సుసాన్ దంపతులే ఆ పిల్లవాణ్ణి పెంచారు. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో బరువు పనులకు పంపక ఇంటిపని, తోటపని నేర్పారు. చిన్నతనంలోనే మొక్కల వైద్యుడని చుట్టుపక్కల పేరు వచ్చింది.

చదువు కోసం ఊరూరా తిరిగారు. బట్టలుతికి, వంటలు చేసి పొట్టపోసుకున్నారు. 1885లో కాన్సాస్‌లోని ఒక కళాశాల సీటు ఇచ్చి, తీరా వెళ్లాక నల్లవాడని తెలిసి చేర్చుకోలేదు. ఐదేళ్ల తరువాత అయోవాలోని సింప్సన్ కళాశాలలో చిత్రలేఖనంలో చేరారు. అక్కడి ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్ ఆయనకు మొక్కలపై గల ఆసక్తిని గమనించి వ్యవసాయ విద్యకు మళ్లించారు. 1894లో పట్టం, 1896లో మాస్టర్స్ పట్టం పొందారు. అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ ఆహ్వానంపై అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విద్యాసంస్థలో చేరారు.

అక్కడ ఆయన చూసిన పల్లెల పరిస్థితి దయనీయం. తరతరాలుగా పత్తి ఒక్కటే వేసి నేల సారం ఉడిగిపోయింది. వానలకు పైమట్టి కొట్టుకుపోయి పొలాలు గండ్లు పడ్డాయి. నల్లజాతి రైతుల్లో ఎక్కువమంది పాలుకు చేసేవారే. విత్తనం మొదలు తిండిగింజల దాకా అప్పు తెచ్చుకోవడం, పంట రాగానే పత్తి ఇచ్చి తీర్చడం, మళ్లీ అప్పు చేయడం. ఇంటి గుమ్మం దాకా పత్తే వేసినా పిల్లలకు కడుపునిండా తిండి ఉండేది కాదు.

కార్వర్ సంస్థలోని నిస్సారమైన నేలనే ప్రయోగాలకు ఎంచుకున్నారు. ప్రయోగశాలకు పరికరాలు లేకపోతే విద్యార్థులతో కలిసి పారేసిన సీసాలు, పాత గిన్నెలు ఏరి తెచ్చి సిద్ధం చేసుకున్నారు. అడవిలో రాలిన ఆకులు, బాడవల్లోని నల్లమట్టి, పశువుల పేడ కలిపి ఎరువు చేయించారు. మన ఊళ్లలో చెరువు మట్టి పొలాలకు తోలడం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పత్తి తరువాత అలసంద, వేరుశనగ వంటి పంటలు వేయమన్నారు. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. అవే పంటలు ఇంటికి తిండి కూడా అవుతాయి. చిలగడదుంప కూడా తిండికోసమే వేయమన్నారు.

రైతులు తన దగ్గరికి రాలేరని గ్రహించి, ఆయనే వారి దగ్గరికి వెళ్లారు. 1906లో మోరిస్ జెసప్ అనే దాత సాయంతో నాగళ్లు, విత్తనాలు, పనిముట్లు అమర్చిన బండి ఒకటి తయారైంది. అది ఊరూరా తిరిగే వ్యవసాయ పాఠశాల. దాంతోపాటు తేలిక భాషలో 44 చిన్న పుస్తకాలు వెలువరించారు. మొదటిది ఓక్ చెట్ల కాయలను పశువులకు మేపడం గురించి. ఖర్చు లేనిదేదో ముందు అదే చెప్పడం ఆయన అలవాటు.

1910 ప్రాంతంలో పత్తికాయను తొలిచే ముక్కుపురుగు అలబామాలో ప్రవేశించి పంటను తుడిచిపెట్టింది. అప్పుడు చాలామంది వేరుశనగకు మళ్లారు. ఎంటర్‌ప్రైజ్ అనే పట్టణంవారు 1919లో, తమను పత్తి నుంచి మళ్లించిన ఆ పురుగుకే స్మారక స్తంభం నిలిపారు!

1921లో వేరుశనగ సుంకం విషయమై అమెరికా చట్టసభ సంఘం ఎదుట మాట్లాడడానికి ఆయనకు 10 నిమిషాలు ఇచ్చారు. వినేవారు ఆసక్తితో గడువు పెంచుతూ పోయారు. దాంతో దేశమంతటా పేరు వచ్చింది. ఆ కీర్తిలో కొంత అతిశయోక్తి కూడా చేరింది. వేరుశనగ వెన్న ఆయన కనిపెట్టింది కాదు. ఆయన తయారుచేసిన వస్తువుల్లో మార్కెట్లో నిలిచినవీ తక్కువే. ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. ఆయన సలహా విన్నా పాటించలేని రైతులు ఎందరో ఉన్నారు. నేల వారిది కాదు, భూస్వామి పత్తే వేయమనేవాడు. మట్టిని బాగుచేసే విద్య కార్వర్ నేర్పగలిగారు గాని భూమి హక్కు ఆయన ఇవ్వగలిగింది కాదు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. జీతం పెంచమని అడగలేదు. కూడబెట్టిన సుమారు 60 వేల డాలర్లనూ పరిశోధనకే ఇచ్చారు. 1943 జనవరి 5న కన్నుమూశారు. టస్కెగీలో బుకర్ టి. వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయన సమాధి ఉంది.

పత్తి పట్టు నుంచి రైతును విడిపించడానికి కార్వర్ వేరుశనగను ఎంచుకున్నారు. మన అనంతపురంలో కొర్ర, సజ్జ, జొన్నలను వెనక్కి నెట్టి దశాబ్దాలపాటు లక్షల ఎకరాల్లో అదే వేరుశనగ ఏటేటా వేశారు. వానలు తప్పిన ఏడల్లా రైతు అప్పుల పాలయ్యాడు. కాబట్టి గొప్పతనం వేరుశనగలో లేదు, పంట మార్చడంలో ఉంది. పదవీ విరమణ తరువాత సొంత ఊళ్లో ఎకరమో రెండెకరాలో చూసుకుంటున్న మన సభ్యులు ఈ ఒక్క మాట పొరుగు రైతుతో పంచుకున్నా, కార్వర్‌ను స్మరించుకున్నట్టే.