గుండెను చదివిన చాగస్

బ్రెజిల్ దేశమున మినాస్ జెరాయిస్ రాష్ట్రమందు లస్సాన్స్ అను చిన్న ఊరు కలదు. 1907వ సంవత్సరములో ఆ ప్రాంతమున రైలుమార్గము వేయుచుండగా, పనివాండ్రు చలిజ్వరముతో మంచమెక్కుటచే పని కుంటుపడెను. వారిని కాపాడుటకై రియో డి జనీరో నుండి వచ్చిన యువవైద్యుడు ఒక రైలుపెట్టెనే నివాసముగను, పరిశోధనశాలగను చేసికొనెను. ఆయనయే కార్లోస్ చాగస్.

చాగస్ అదే రాష్ట్రమందలి ఒలివైరా ప్రాంతమున, కాఫీతోటల కుటుంబములో, జూలై 9వ తేదీన జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయెను. కుమారుడు గనుల ఇంజనీరు కావలెనని తల్లి కోరిక. ఆయన మనస్సు మాత్రము వైద్యముపై నిలిచెను. చదువు ముగిసిన పిమ్మట సుప్రసిద్ధుడైన ఆస్వాల్డో క్రజ్ తన పరిశోధనాలయమున ఉద్యోగమిచ్చెదననగా, రోగుల నడుమ నుండుటయే తనకిష్టమని తొలుత వలదనెను.

లస్సాన్స్‌లో ఒక ఇంజనీరు ఆయనకు ఒక పురుగును గూర్చి చెప్పెను. దడికట్టి మట్టిమెత్తిన గుడిసెల గోడనెఱ్ఱెలలో పగలెల్ల దాగి, రాత్రివేళ నిద్రించువారి ముఖమునంటి రక్తము త్రాగు నల్లిజాతి పురుగది. ముఖము జోలికి వచ్చుటచే కాబోలు, జనులు దానిని మంగలి యని పిలిచెడివారు! దాని ప్రేవులలో కొరడావంటి తోకతో కదలాడు సూక్ష్మజీవిని చాగస్ చూచెను. ఆ పురుగులను క్రజ్ వద్దకు పంపగా, అవి కుట్టిన కోతులు రోగగ్రస్తములయ్యెను. గురుభక్తితో ఆ జీవికి క్రజ్ పేరే పెట్టెను. 1909 ఏప్రిల్ 14వ తేదీన, జ్వరపడిన రెండేండ్ల బాలిక రక్తములో అదే జీవి కానవచ్చెను. లోకములో సాధారణముగా రోగము ముందు తెలియును, క్రిమి పిదప దొరకును. ఇచట క్రిమియే ముందు దొరకెను.

అంతకన్న చిక్కైనది గుండె సంగతి. ఆ పల్లెలలో నడివయస్సైనను రానివారి నాడి తడబడుచుండెను. కొందరికి మిక్కిలి మందగించుచుండెను. ఆరోగ్యవంతులుగ కనబడినవారే హఠాత్తుగ కూలిపోవుచుండిరి. ఆ క్రిములు గుండెకండరములో గూళ్లు కట్టుకొనుటను 1911లో సహచరుడు గాస్పర్ వియన్నా చూపెను. 1922లో చాగస్, యూరికో విలేలా కలసి ఈ వ్యాధి యొక్క హృద్రోగరూపమును వర్ణించి ప్రకటించిరి. నాడిపై వ్రేళ్లు, ఛాతీపై చెవి, కాగితముపై గీతలు, తుదకు శవపరీక్ష: ఇవియే వారి సాధనములు. బ్రదికియున్న గుండె లోపలి దెబ్బను కన్నులార చూచు ఉపాయమింకను రాలేదు.

నమ్మనివారికి ఈ కొరత కలిసివచ్చెను. ఆ సంవత్సరముననే జాతీయ వైద్యపరిషత్తులో వాదము చెలరేగెను. రోగులు కొద్దిమందియే యనియు, చాగస్ గోరంతను కొండంత చేసెననియు కొందరు విమర్శించిరి. ఆయన పక్షమున పొరపాటు లేకపోలేదు. గళగండమును గూడ ఈ వ్యాధికే అంటగట్టెను. ఆ ఒక్క తప్పు ఆయన గుండెను గూర్చి పలికిన ఒప్పులను సైతము మఱుగుపఱచెను. నోబెల్ బహుమానమునకు రెండు పర్యాయములు పేరు వెళ్లినను దక్కలేదు. 1934 నవంబరు 8వ తేదీన ఆయన గుండెపోటుతోనే మరణించెను.

1943లో బంబుయీ పట్టణమున నెలకొల్పిన కేంద్రమున వైద్యులు వందలకొలది రోగులకు హృద్విద్యుల్లేఖనములు, ఎక్స్‌రే చిత్రములు తీసి ఆయన వర్ణనను నిలబెట్టిరి. తరువాతివారికి మఱికొన్ని కన్నులు లభించినవి. ఎకో పరీక్షలో ఎడమ జఠరిక కొన పలుచనై బుడగవలె ఉబ్బియుండుట కనబడును; రక్తపుగడ్డలు పుట్టుచోట్లలో అదియొకటి. అయస్కాంత చిత్రణములో, మందు ఎక్కించిన పిమ్మట, కండరము చచ్చి మచ్చగట్టిన చోటు తెల్లగ మెఱయును. రోగి యింకను ఆయాసపడకమునుపే ఈ మచ్చ బయటపడుట కలదు. క్రిమి సోకినవారిలో నూటికి ముప్పదిమంది వరకు దశాబ్దములు గడచిన పిదప ఇట్లు గుండె చెడును. తక్కినవారిలో పెక్కుమంది గుండెకు హాని లేకయే బ్రదుకుదురు.

ఎవరి గుండె ఏ తెగకు చెందినదో రక్తపరీక్ష ఒక్కటే చెప్పజాలదు. 1909లో చాగస్ చూచిన ఆ బాలిక ఏడుపదులు దాటి జీవించెను. 1960వ దశకమున వైద్యులామెను వెదకి పరీక్షింపగా, రక్తములో ఆ క్రిమి ఇంకను ఉండెను. గుండెలో మాత్రము ఆ రోగలక్షణములు కానరాలేదు.