సుజాన్ నొయెల్ : కనురెప్పల శస్త్రవైద్యము

దేహమునందలి చర్మమంతటిలోను కనురెప్ప చర్మము మిక్కిలి పలుచనిది. వయస్సు పైబడినకొలది అది వదులై పైరెప్పమీదికి జాఱును. కంటిగుంటయందు ఇమిడియుండవలసిన క్రొవ్వు ముందునకు జరిగి క్రిందిరెప్పను సంచివలె ఉబ్బించును. మనుష్యుడు ఎంత ఉత్సాహవంతుడైనను చూచువారికి అలసినవానివలె, నిద్ర చాలనివానివలె తోచును. దీనిని సవరించు శస్త్రచికిత్స నేడు మన నగరములందును జరుగుచున్నది. చేయించుకొనువారిలో కొందఱు దానిని క్షౌరమువంటి తేలిక పనిగా తలంచుటయు కద్దు. అట్టివారు ఈ విద్యకు ఒక మర్యాద నేర్పఱచిన ఫ్రెంచి వైద్యురాలు సుజాన్ నొయెల్ జీవితమును ఒకమాఱు తెలిసికొనుట మేలు.

ఆమె 1878 సంవత్సరము జనవరి 19వ తేదీన ఉత్తర ఫ్రాన్సునందలి లాన్ పట్టణమున, కలిగిన కుటుంబమున జన్మించెను. 1897లో హెన్రీ పెర్తా అను చర్మవైద్యుని పెండ్లాడెను. భర్త ప్రోత్సాహముచే 1905 ప్రాంతమున వైద్యవిద్యకు పూనుకొనెను. 1908లో కూతురు పుట్టెను. పసిబిడ్డను పెంచుచునే చదువు సాగించి, పారిసు ఆసుపత్రులలో శిక్షణ సంపాదించి, ముఖ శస్త్రవైద్యమున పేరొందిన మోరెస్తాన్ కడ పనిచేసెను.

1912లో ఒక చిత్రము జరిగెను. డెబ్బదియవ యేటికి చేరువైన సుప్రసిద్ధ నటి సారా బెర్నార్ అమెరికాలో ముఖమునకు శస్త్రచికిత్స చేయించుకొని, వయస్సు తగ్గినదానివలె పారిసు చేరెనని పత్రికలు వ్రాసెను. ఇతరులు వింతగా చదివి మఱచిన ఆ వార్త సుజాన్ మనస్సున నాటుకొనెను. ముఖచర్మమును అచ్చటచ్చట వ్రేళ్లతో పట్టి మడిచి, ఎచ్చట ఎంత బిగించిన ఏ మార్పు వచ్చునో ఆమె పరీక్షించి చూచెనట. కత్తి పట్టుటకు ముందు వ్రేళ్లతో కొలుచుట అనునది ఆమె విద్యకు మొదటి పాఠమయ్యెను.

అంతలో 1914 యుద్ధము వచ్చిపడెను. దవుడలెగిరిపోయి, ముక్కులు చీలి, రెప్పలు కాలిపోయిన సైనికులు వాల్ ద గ్రాస్ సైనికాసుపత్రికి వచ్చిరి. మోరెస్తాన్ ఆధ్వర్యమున ఆమె అచ్చట ముఖములను తిరిగి కూర్చు పని నేర్చెను. సౌందర్య శస్త్రవైద్యము కలవారి విలాసమని ఆక్షేపించువారు అది ఈ క్షతగాత్రుల పడకలచెంత పెరిగినదని మఱవరాదు.

ఈ విద్య యూరపునందే పుట్టినదనుటయు సరికాదు. రెప్పవెండ్రుకలు లోపలికి మడిగి కంటిని గీచు పక్ష్మకోపమను వ్యాధికి సుశ్రుతసంహిత చెప్పిన చికిత్స చూడుడు: కనుబొమ్మ క్రింద రెండు భాగములు, వెండ్రుకల పైన ఒక భాగము విడిచి, నడుమ యవగింజ ఆకారమున చర్మమును కోసితీసి, వెండ్రుకతో కుట్టవలెను. అది సౌందర్యముకొఱకు కాదు, చూపును కాపాడుటకు. అయినను ఎంత తీయవలెనన్నదానికంటె ఎంత విడువవలెనన్నదానిని ముందు చెప్పిన ఆ ఆచార్యుని జాగ్రత్త గమనింపదగినది. పూనాలో జరిగిన ముక్కు చికిత్సను గూర్చిన వార్త 1794లో లండను పత్రికలో ప్రకటితము కాగా యూరపు వైద్యులకు ఈ మార్గమున మరల ఆసక్తి కలిగెను. జర్మను వైద్యుడు గ్రేఫె 1818లో ముక్కు నిర్మాణమును గూర్చి ప్రకటించిన గ్రంథమునందే కనురెప్పల చికిత్సకు బ్లెఫరోప్లాస్టీ అను నేటి పేరు వచ్చినది.

యుద్ధము ముగియు సంవత్సరమే, అనగా 1918లో, సుజాన్ భర్త మరణించెను. మరుసటి యేడు ఆమె సహాధ్యాయియైన ఆంద్రే నొయెల్‌ను వివాహమాడెను. 1922లో ఒక్కగానొక్క కూతురు ఇన్‌ఫ్లుయెంజా జ్వరమున పోయెను. ఆ దుఃఖము నుండి తేఱుకొనలేక ఆంద్రే 1924లో సేన్ నదిలో దుమికి ప్రాణము విడిచెను. ఆమె మాత్రము కత్తిని విడువలేదు. అదే సంవత్సరమున వృత్తులలోనున్న స్త్రీలకై పారిసులో సొరాప్టిమిస్టు సంఘము నెలకొల్పి, దానిని వ్యాపింపజేయుటకు దేశదేశములు తిరిగెను. స్త్రీలకు ఓటు లేనిచో వారు పన్ను ఏల చెల్లింపవలెనని ప్రచారము చేసెను. ఫ్రెంచి స్త్రీలకు ఓటు 1944లో గాని లభింపలేదు.

1925లో ఆమె వైద్యపట్టమునకు వలసిన సిద్ధాంతగ్రంథమును సమర్పించెను. 1926లో సౌందర్య శస్త్రచికిత్స, దాని సాంఘిక ప్రయోజనము అను విషయమున పుస్తకము ప్రకటించెను. ముఖము ముదిమిని చూపుటచే కొలువు పోగొట్టుకొన్న స్త్రీలు ఆమెయొద్దకు వచ్చుచుండిరి. వారికి కనురెప్పల ముడుతలు భోజనపు సమస్య. ఆమె చికిత్సలు చిన్నవి. తిమ్మిరి కలిగించు మందు ఆ చోటనే యెక్కించి, పని ముగించి, నాడే యింటికి పంపుచుండెను. చికిత్సకు ముందును తరువాతను ఛాయాచిత్రములు తీయవలెనని గట్టిగా చెప్పిన తొలి వైద్యులలో ఆమె యొకతె. మనుష్యుడు తన పూర్వపు ముఖమును త్వరగా మఱచును. మునుపే యున్న వంకరను చికిత్సవలన వచ్చినదనుకొనుటయు కలదు. చిత్రమున్నచో ఆ వివాదమునకు తావుండదు.

నేటి రోగియు మొదట అడుగవలసినది తన రెప్ప ఏల వ్రాలినదని. చర్మము వదులగుట వేఱు, రెప్పనెత్తు కండరము బలహీనమగుట వేఱు, కనుబొమ్మయే దిగజాఱుట వేఱు. చర్మము కోసినంతమాత్రమున కడపటి రెండును తీఱవు. కన్నులు పొడిబాఱుట, థైరాయిడ్ దోషము, నీటికాసులు, మధుమేహము, రక్తపు పోటు ఉన్నచో దాచక చెప్పవలెను. రక్తమును పలుచబఱచు మాత్రలు వాడువారు వానిని తమంతట తాము మానరాదు, గుండెవైద్యుని అడిగియే మానవలెను. కనుబొమ్మకును రెప్పవెండ్రుకలకును నడుమ సుమారు 20 మిల్లీమీటర్ల చర్మము మిగులవలెనని శస్త్రవైద్యులు నేర్చుకొందురు. ఆశకొలది ఎక్కువ తీయుమని కోరు రోగియు, కోరినంత తీయు వైద్యుడును కంటికి శత్రువులే. అధికముగా తీసినచో కన్ను పూర్తిగా మూతపడక రాత్రియంతయు తెఱచియుండి నల్లగ్రుడ్డుపై పొర ఎండిపోవును. క్రిందిరెప్ప బయటికి తిరుగబడును. తక్కువైనచో మరల కొంచెము తీయవచ్చును గాని, ఎక్కువైనచో మఱియొకచోటి చర్మము తెచ్చి అతుకవలసియుండును.

కమిలిన మచ్చలు, వాపు ఒకటి రెండు వారములుండును. కుట్లు సాధారణముగా వారములోపల తీయుదురు. రూపు స్థిరపడుటకు నెలలు పట్టును. కంటి క్రింది నలుపు, నవ్వునపుడు కలుగు ముడుతలు ఈ చికిత్సచే పోవు. కంటి వెనుక నెత్తురు చేరుట మిక్కిలి అరుదు, కాని సంభవించినచో చూపు పోగలదు. చికిత్స యైన పిదప తీవ్రమైన నొప్పి పుట్టి, గ్రుడ్డు ముందునకు వచ్చి, చూపు మసకబాఱినచో తెల్లవాఱనిమ్మని వేచియుండరాదు, ఆ గడియయందే వైద్యుని చేరవలెను. కావున అర్ధరాత్రి పిలిచిన పలుకువారెవ్వరో చికిత్సకు ముందే అడిగి తెలిసికొనవలెను. రుసుము అడిగినంత శ్రద్ధగా ఈ ప్రశ్న అడుగువారు తక్కువ.

1928లో ఫ్రెంచి ప్రభుత్వము సుజాన్ నొయెల్‌కు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమిచ్చి గౌరవించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనులు పారిసు నాక్రమించినపుడు, వారు వెదకుచున్న యూదులకును, దేశవిమోచనకై పోరాడువారికిని ఆమె రహస్యముగా ముఖములు మార్చెను. కొలువు నిలుపుటకు వాడిన కత్తి అప్పుడు ప్రాణములను నిలిపెను. యుద్ధానంతరము నిర్బంధ శిబిరములనుండి బ్రతికివచ్చినవారి దేహములపై మిగిలిన గుర్తులను తొలగించుటకు పూనుకొనెను. అప్పటికామె వయస్సు డెబ్బదికి చేరువ. 1954 నవంబరు 11వ తేదీన ఆమె పారిసులో కాలధర్మము చెందెను.