చెప్పులు కుట్టిన చేతులు: విలియం కేరీగారి జీవితము

ఈ శతవార్షిక సంవత్సరములో మన డయాసిస్ పెద్దలను స్మరించుకొంటున్నాము. అయితే ఆరాధన ముగిసిన పిమ్మట గుడి ఆవరణలో నిలబడే మన యౌవనస్థులను చూచినప్పుడు మా మనస్సు బరువెక్కుతుంది. చదువు ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచేవారు కొందరు. చిన్న దుకాణము పెట్టి నష్టపోయి తలవంచుకొన్నవారు కొందరు. వీరిని సోమరులని తేలికగా అనేవారు కేరీగారి యౌవనకాలమును ఒకసారి తలంచుకొనవలెనని మా మనవి.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామమున జన్మించారు. తండ్రి మొదట మగ్గము నేసి, తరువాత బడిపంతులయ్యారు. చర్మవ్యాధి వలన ఎండలో పొలము పని చేయలేక, చిన్నతనములోనే కేరీ చెప్పులు కుట్టే యజమాని వద్ద పనికి కుదిరారు. పని పూర్తిగా నేర్వకముందే ఆ యజమాని మరణించాడు. మరొకరి వద్ద చేరి, 1781లో వివాహము చేసుకొన్నారు. కొద్ది కాలమునకు ఆ యజమానియు మరణించగా, దుకాణముతోపాటు ఆయన కుటుంబ భారము కూడా ఈ యువకునిపై పడినది.

అమెరికా యుద్ధము 1783లో ముగిసింది. వ్యాపారము మందగించిన రోజులవి. పని వచ్చును, కష్టపడే గుణమున్నది. అయినను సరుకు అమ్ముడుపోలేదు. జ్వరము పాలయ్యారు. మొదటి బిడ్డను పోగొట్టుకొన్నారు. తమ్ముడు తన కొద్దిపాటి మిగులు సొమ్ముతో ఆదుకొన్నాడు.

1785లో మౌల్టన్ చేరి బడి నడుపుతూ సంఘ సేవ చేశారు. ఆ రాబడి చాలక మరల చెప్పులు కుట్టారు. అప్పుడు కెటరింగ్‌లోని పాదరక్షల వ్యాపారి థామస్ గాచ్ ఆయన వారపు సంపాదన ఎంతో అడిగి తెలుసుకొని, ఇక తోలు పని మాని చదువు సాగించుమని వారమునకు 10 షిల్లింగులు ఇవ్వసాగారు. ఆ సహాయము లేకున్న తరువాతి సేవ ఏమయ్యేదో మనము ఆలోచించవలెను.

1793లో కుటుంబముతో బెంగాలు చేరినప్పుడు చేతిలో సొమ్ము లేదు. 1794 నుండి నీలిమందు కర్మాగారములో నెలకు 200 రూపాయల జీతముతో పనిచేస్తూ బెంగాలీ నేర్చారు. అదియు మూతపడినది. 1800లో శ్రీరాంపురములో మార్ష్‌మన్, వార్డు గార్లతో కలసి బడి, అచ్చుకూటము నడిపి, అందరి సంపాదన ఒకే నిధిలో ఉంచారు. పంచానన్ కర్మకార్ అను నేర్పరి అక్కడ అచ్చు అక్షరాలు పోసాడు. 1812లో అచ్చుకూటము అగ్నికి ఆహుతియైనను మరల నిలబెట్టారు. 1814లో కేరీగారి తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనే వెలువడ్డాయి. ఆయన 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు.

ఒక విందులో ఒక సైన్యాధికారి ఆయన పూర్వము చెప్పులు చేసేవాడు కాదా అని ఎగతాళిగా విచారించగా, కేరీగారు తాను చేసేవాడిని కాదు, పాతవి బాగుచేసేవాడిని మాత్రమేనని నెమ్మదిగా చెప్పారట. తోలు పని చేసిన కుటుంబములనుండి వచ్చిన మన సంఘములకు ఈ మాట ఎంత దగ్గరదో చెప్పనక్కరలేదు.

కేరీగారి శ్రమ ఎన్నడును తగ్గలేదు. తగ్గినది గిరాకీ, తోడ్పాటు. కావున శతవార్షిక కానుకలో కొంత భాగము ప్రతి పాస్టరేటులో యౌవనస్థుల పనిముట్లకు, తొలి పెట్టుబడికి కేటాయించవలెనని కోరుతున్నాము. నష్టపోయిన పిల్లవానికి రెండవసారియు ఇవ్వవలెను. మన పిల్లల దుకాణములో మనమే మొదట కొనవలెను. గాచ్ వంటివారు మన సంఘములోను లేకపోలేదు. వారు ముందుకు రావలెనని ప్రార్థిస్తున్నాము.