ఋణవిమోచనము: ఆన్సెల్ము సాధువు జీవితము

తప్పు చేసినవానిని ఊరక విడిచిపెట్టినచో న్యాయము చెడును. దండించుటతోనే తృప్తిపడినచో దయ చెడును. ఈ రెండును చెడకుండ అపరాధిని మరల దరిచేర్చుకొనుట యెట్లు? ఇంటిలో తండ్రికిని, బడిలో ఉపాధ్యాయునకును ఎదురగు ఈ చిక్కునే దేవునికిని మానవునికిని నడుమ నిలిపి విచారించిన మహనీయుడు ఆన్సెల్ము.

ఆయన 1033వ సంవత్సర ప్రాంతమున ఆల్ప్సు పర్వతముల నడుమనున్న ఆవోస్తా పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఇటలీ దేశములోనిది. తల్లి ఎర్మెన్‌బెర్గా భక్తురాలు. తండ్రి గుండుల్ఫు దుడుకు స్వభావము గలవాడు. తల్లి మరణానంతరము తండ్రికొడుకుల నడుమ వైరము ముదిరెను. కొడుకు ఎంత వినయము చూపినను తండ్రి మనసు కరగలేదు. తుదకు ఆన్సెల్ము యౌవనముననే ఇల్లు విడిచి, మంచుకొండలు దాటి ఫ్రాన్సు దేశము చేరెను.

నార్మండీలోని బెక్ మఠమున లాన్‌ఫ్రాంకు అను పండితుడు పాఠములు చెప్పుచుండెను. ఆయన శిష్యుడై, ఆన్సెల్ము 1060లో అచ్చటనే సన్న్యాసము స్వీకరించెను. మూడేండ్లకు లాన్‌ఫ్రాంకు వేరొక మఠమునకు వెడలగా, ఆయన స్థానమున ఉపాధ్యక్షుడయ్యెను. నిన్న వచ్చినవానికి నేడు పదవియా యని కొందరు అసూయపడిరి. ఓస్బర్ను అను బాలసన్న్యాసి మిగుల పగబూనెను. ఆన్సెల్ము వానిని దండింపలేదు. వాని చేష్టల నోర్చి, చిన్న కోరికలు తీర్చి, మచ్చిక చేసికొనెను. మనసు చిక్కిన పిమ్మటనే మెల్లమెల్లగ కట్టుబాటులో పెట్టెను. ఆ బాలుడు జబ్బుపడినప్పుడు రేయింబవళ్లు తానే సేవచేసెను. మరణించినప్పుడు ఏడాదిపాటు ప్రతిదినము వాని ఆత్మకొరకు పూజ నర్పించెను.

ఎంత కొట్టినను పిల్లలు బాగుపడుట లేదని ఒక మఠాధ్యక్షుడు ఆయనతో మొరపెట్టుకొనెను. నాలుగువైపుల బిగించి కట్టిన మొక్క వంకరగాక మరెట్లు పెరుగునని ఆన్సెల్ము బోధించెను. ఈ వృత్తాంతములు ఆయన శిష్యుడు ఈడ్మరు రచించిన చరిత్రవలన తెలియుచున్నవి.

1078లో ఆన్సెల్ము బెక్ మఠాధ్యక్షుడయ్యెను. ఇంగ్లండులో కాంటర్బరీ ఆర్చిబిషప్పుగానుండిన లాన్‌ఫ్రాంకు 1089లో మరణించగా, రాజు రెండవ విలియము ఆ పీఠమును నాలుగేండ్లు ఖాళీగానుంచి దాని రాబడిని తానే అనుభవించెను. 1093లో రాజునకు జబ్బుచేసి మరణభయము కలిగెను. అప్పుడు ఆన్సెల్మును ఆ పదవికి ఎన్నుకొనగా ఆయన వలదనెను. సభలోనివారు బిగించిన ఆయన పిడికిలికి అధికారదండమును అదిమిపట్టిరి! రాజు కోలుకొనగానే పాతత్రోవ పట్టెను. ఆన్సెల్ము కానుకగా ఈయబోయిన 500 పౌండ్లు చాలవని త్రోసివేయగా, ఆయన ఆ సొమ్మును బీదలకు పంచిపెట్టెను. వైరము పెరిగి 1097లో ఆయన దేశము విడిచెను.

మరుసటి యేట, అనగా 1098 వేసవిలో, ఇటలీలో కాపువా పట్టణ సమీపమున ఒక కొండపల్లెయందు, ఇంగ్లండులో మొదలిడిన గ్రంథమును పూర్తిచేసెను. దేవుడు మానవుడేల ఆయెనన్నది దాని పేరు, దాని ప్రశ్న. అది బోసో అను శిష్యునితో నడచిన సంవాదము. పాపివైన మానవుడు సాతానునకు బందీ యయ్యెననియు, వానిని విడిపించుటకు క్రీస్తు ప్రాణము మూల్యమయ్యెననియు పూర్వులు పలువురు తలంచిరి. దొంగకు హక్కెక్కడిదని ఆన్సెల్ము ఆ మతమును నిరాకరించెను. పాపమనగా దేవునకు చెల్లింపవలసిన గౌరవమును ఎగవేయుట, అది ఋణము. నేటి భక్తి నేటి బాకీకే సరిపోవును. నిన్నటి బాకీ తీరుటెట్లు? తీర్పవలసినవాడు మానవుడు, తీర్పగలవాడు దేవుడొక్కడే. కావున దేవుడును మానవుడును ఒక్కడేయైన క్రీస్తు, తాను మరణింపవలసిన పాపమేమియు లేకున్నను, ఇచ్చతో ప్రాణమర్పించి తన సోదరుల ఋణము తీర్చెను. ఇదియే ఆన్సెల్ము సిద్ధాంతము.

తెలుగు బైబిలునందు దీనికి ప్రాయశ్చిత్తమను పాతమాటనే వాడిరి. మన ధర్మశాస్త్రములలో పాపియే ప్రాయశ్చిత్తము చేసికొనవలయును. ఇచ్చట పాపికై మరియొకడు చేయుచున్నాడు. మాట యొకటియైనను భావములందలి ఈ భేదము గుర్తింపదగినది.

ఈ మతమును అందరును అంగీకరింపలేదు. తరువాతి తరమువాడైన అబెలార్డు, సిలువ దేవుని ప్రేమను చూపి మానవునిలో ప్రేమను రగిల్చునని వాదించెను. 16వ శతాబ్దిలో కాల్విను మొదలగు సంస్కర్తలు ఋణమునకు బదులు శిక్షను ముఖ్యముగా చెప్పిరి. అయినను వాదమంతయు ఆన్సెల్ము వేసిన ప్రశ్న చుట్టునే తిరిగెను.

1100లో విలియము వేటలో బాణము తగిలి మరణించెను. తమ్ముడు హెన్రీ ఆన్సెల్మును మరల పిలిపించెను. 1102లో వెస్ట్‌మినిస్టరు సభయందు, మనుష్యులను పశువులవలె అమ్మరాదని ఆన్సెల్ము నిషేధింపజేసెను. బిషప్పులకు ఉంగరమును దండమును ఇచ్చు హక్కు రాజుదా, చర్చిదా యను తగవువలన 1103లో మరల ప్రవాసము తప్పలేదు. 1107లో ఇరువురును కొంతకొంత తగ్గి రాజీపడిరి: రాజు ఆ హక్కును వదలుకొనెను, బిషప్పులు రాజునకు విధేయత ప్రకటించుటకు ఆన్సెల్ము సమ్మతించెను. 1109 ఏప్రిలు 21వ తేదీ ఉదయమున ఆయన కాంటర్బరీలో పరమపదించెను.

ఆయన సిద్ధాంతమును నమ్మినను నమ్మకున్నను, అందలి ఒక సత్యము అందరికిని చెల్లును. క్షమ యనగా బాకీ లేదని కొట్టివేయుట కాదు. ఆ బరువును ఎవరో ఒకరు మోయవలయును. ఓస్బర్ను పగను దండనతో గాక సేవతో తీర్చినవాడు ఆ బరువును ఎరిగినవాడే.