యాన్ ఇంగెన్‌హౌజ్

కడప జిల్లాలోని పెండ్లిమర్రి, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములు వర్షము తక్కువగా గల సీమ. అచ్చట వానలు కురిసి కుంటలు నిండినపుడు నీటి అడుగున నాచు మొక్కలు పెరుగును. ఎండ బాగుగా కాయువేళ గట్టున కూర్చుండి చూచినచో ఆ మొక్కల ఆకుల నుండి ముత్యములవంటి చిన్న బుడగలు వరుసగా పైకి లేచుట కనబడును. మబ్బు క్రమ్మగానే అవి తగ్గిపోవును. ఈ వింతను లోకమున ఎందరో చూచియుందురు. కాని ఆ బుడగలలో నున్న వాయువేమి, అది ఎప్పుడు వచ్చును, ఎప్పుడు రాదు అని పట్టుదలతో పరిశోధించి తేల్చినవాడు హాలెండు దేశీయుడగు యాన్ ఇంగెన్‌హౌజ్.

ఇతడు 1730వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన బ్రెడా పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్ల వర్తకుడు. ఇంగెన్‌హౌజ్ లూవేన్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1753లో పట్టము పొంది, కొంతకాలము స్వస్థలముననే వైద్యము చేసెను. జాన్ ప్రింగిల్ అను బ్రిటిషు సైనిక వైద్యుడు ఆ కుటుంబమునకు చిరకాల మిత్రుడు. తండ్రి గతించిన పిమ్మట ఇంగెన్‌హౌజ్ ఆ మిత్రుని ప్రోత్సాహముతో లండను నగరమునకు తరలిపోయెను.

ఆ దినములలో మశూచికము ఐరోపా ఖండమును పీడించుచుండెను. రాజభవనములును పూరిగుడిసెలును దానికి ఒక్కటియే. జెన్నరు కనిపెట్టిన గోమశూచి టీకా అప్పటికి ఇంకను రాలేదు. రోగి పొక్కులోని రసమును కొంచెము తీసి, ఆరోగ్యవంతుని చర్మమునకు చిన్న గాటు పెట్టి దానికి అంటించెడివారు. స్వల్పముగా జబ్బు చేసి, తరువాత జీవితాంతము ఆ రోగము సోకకుండెడిది. ఈ పద్ధతిలో అపాయము లేకపోలేదు. ఇంగెన్‌హౌజ్ దీనిని నేర్చి, 1768లో ఇంగ్లాండునందు హెర్ట్‌ఫర్డ్ మండలములోని గ్రామీణులు అనేకులకు వేసెను.

ఆస్ట్రియా రాజ్యము నేలుచుండిన మరియా థెరీసాకు 1767లో మశూచికము సోకెను. ఆమె బ్రదికెను గాని, ఆ యేడే ఆమె కుమార్తె జోసెఫా అదే రోగమున మరణించెను. శోకమున నున్న రాణి తగిన వైద్యుని పంపుడని ఇంగ్లాండును కోరగా ఇంగెన్‌హౌజ్ వియన్నాకు వెళ్లెను. ముందుగా కొందరు పిల్లలకు టీకా వేసి చూచి, పిమ్మట రాణిగారి ఇద్దరు కుమారులకును ఒక మనుమరాలికిని వేసెను. వారిలో ఏ ఒక్కరికి కీడు కలిగినను అతని గతి ఏమగునో ఊహింపవచ్చును. ముగ్గురును క్షేమముగా కోలుకొనిరి. రాణి అతనిని ఆస్థాన వైద్యునిగా నియమించి, ఏటేట 5000 గుల్డెనుల భృతి జీవితాంతము ఏర్పాటు చేసెను. 1775లో అతడు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడగు జాకిన్ సోదరిని వివాహమాడెను.

ఆస్థాన వైద్యునికి తీరిక కలదు, ధనము కలదు. మరియొకరైనచో సుఖముగా కాలము గడిపియుందురు. ఇంగెన్‌హౌజ్ మనస్సు మాత్రము ప్రీస్ట్‌లీ చేసిన ఒక ప్రయోగముపై నిలిచెను. క్రొవ్వొత్తి వెలిగి ఆరిన గాజు పాత్రలో పుదీనా కొమ్మను కొన్ని దినములుంచినచో, చెడిన గాలి మరల మంచిదగునని ఆ ఆంగ్ల పండితుడు 1771లో కనుగొనెను. కాని అదే ప్రయోగము ఒకప్పుడు ఫలించును, ఒకప్పుడు ఫలింపదు. ఎందువలననో ఎవరికిని తెలియలేదు.

1779 వేసవిలో ఇంగెన్‌హౌజ్ లండనుకు సమీపమున ఒక ఇల్లు అద్దెకు తీసికొని, మూడు నెలలలోపుగా దాదాపు 500 ప్రయోగములు చేసెను. ఆకులను నీటితో నింపిన గాజు పాత్రలలో ముంచి ఎండలో పెట్టెను. బుడగలు వచ్చెను. నీడలో పెట్టెను. ఆగిపోయెను. వేడిమి వలన వచ్చుచున్నవేమో యని వెలుతురు లేకుండ వెచ్చజేసి చూచెను. రాలేదు. కావున కారణము సూర్యుని వేడి కాదు, వెలుగు. చెట్టులోని పచ్చని భాగములే ఈ పని చేయునని, వేళ్లు, పూలు, పండ్లు చేయవని కూడ తేలెను. బుడగలలోని వాయువును ప్రోగుచేసి చూడగా అందు మంట మిక్కిలి ప్రకాశముగా వెలిగెను. అది ప్రాణవాయువు.

ఇంతటితో ఆగియుండిన అతని కీర్తికి లోపముండెడిది కాదు. అతడు రాత్రివేళ కూడ పాత్రలను విడువలేదు. చీకటిలో మొక్కలన్నియు గాలిని చెరచునని, అయినను పగటి మేలుతో పోల్చగా రాత్రి కీడు స్వల్పమని నిర్ధారించెను. ఆ సంవత్సరమే అచ్చయిన అతని గ్రంథము పేరులోనే ఈ రెండు సంగతులును చేరియున్నవి. అయితే పూలను, పండ్లను పడకగదిలో నుంచరాదని హెచ్చరించుట కొంత అతిశయమే. రాత్రి చింతచెట్టు క్రింద పరుండరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పుట యిట్టిదే.

కీర్తితోపాటు కలహము వచ్చెను. ఈ విషయమును తానును అప్పుడే గమనించితినని ప్రీస్ట్‌లీ వాదించెను. జెనీవా నగరవాసి సెనెబియె 1782లో మరియొక మెట్టు ముందుకు వేసెను. బొగ్గుపులుసు వాయువు కరగియున్న నీటిలోనే ఆకులు బుడగలు విడచుననియు, కాచి చల్లార్చిన నీటిలో విడువవనియు అతడు చూపెను. ఎవరు ముందు, ఎవరు వెనుక అను తగవు ఇంగెన్‌హౌజ్ మనస్సును చాల నొప్పించెను.

కాని అతడు తగవుతోనే కాలము పుచ్చలేదు. 1796లో ఇంగ్లాండు వ్యవసాయ మండలి కొరకు మొక్కల ఆహారమును గురించియు, సారము తగ్గిన నేలను బాగుచేయుటను గురించియు ఒక వ్యాసము వ్రాసెను. మొక్కలు క్రుళ్లిన పదార్థమునే తిని పెరుగునని నాటి రైతుల నమ్మకము. మొక్క దేహములోని బొగ్గు గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి వచ్చునని అతడు వాదించెను. తక్కిన కథను ఇతరులు పూరించిరి. 1804లో సోస్యూరు తూకములతో లెక్క చూపెను. 1840లో లీబిగ్ ఖనిజ లవణముల ఆవశ్యకతను చాటెను. చెరువు కట్టలో ఎచ్చట పల్లమున్నదో అంతవరకే నీరు నిలుచును గదా! అటులనే ఏ పోషకము అన్నిటికంటె తక్కువో దానిని బట్టియే పైరు పెరుగునని లీబిగ్ చెప్పిన నియమము.

ఈ శాస్త్రమంతయు నేడు చేపల గాజుతొట్టిలో కన్నులకు కట్టినట్లు కనబడును. 1850లో లండనులో వారింగ్టన్ అను రసాయనజ్ఞుడు రెండు బంగారు చేపలను, నత్తలను, నీటిమొక్కలను ఒకే తొట్టిలో పెంచి చూపెను. దట్టముగా మొక్కలు పెంచువారికి నేడు అది చాలదు. నీటిలో బొగ్గుపులుసు వాయువు గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. అందువలన సిలిండరు నుండి గాని, చక్కెర నీటిలో ఈస్టు వేసిన సీసా నుండి గాని ఆ వాయువును సన్నని బుడగలుగా పంపుదురు. లీటరు నీటికి 20 మొదలు 30 మిల్లిగ్రాముల వరకు ఉంచుట వాడుక. నత్రజని, భాస్వరము, పొటాషు, కొలదిగా ఇనుము ఎరువుగా వేయుదురు. నత్రజని తక్కువైన ముదురాకులు పసుపుబారును, ఇనుము తక్కువైన లేత ఆకులు పాలిపోవును. దీపకాంతి మిక్కుటమై పోషకము చాలనిచో మొక్కలకు బదులు పాచి ప్రబలును. వాయువు మితిమీరిన చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి రొప్పును. చీకటిలో మొక్కలు బొగ్గుపులుసు వాయువును తీసికొనక తామే విడచును గనుక, దీపము ఆర్పుటకు సుమారు గంట ముందుగానే వాయువును ఆపుదురు. వెనుక ఇంగెన్‌హౌజ్ రాత్రులు మేల్కొని కనుగొన్నది ఇదియే.

అతని తుదిదినములు ప్రవాసమున గడచెను. 1789 జూలైలో ఫ్రెంచి విప్లవము చెలరేగినపుడు అతడు పారిస్ నగరముననే యుండెను. అచ్చట నుండి హాలెండునకు, పిమ్మట ఇంగ్లాండునకు చేరెను. ఐరోపా యంతయు యుద్ధములతో అట్టుడుకుచుండుటచే భార్య యున్న వియన్నాకు మరల పోజాలకపోయెను. 1798లో జెన్నరు గోమశూచి టీకాను ప్రకటింపగా, పాత పద్ధతితో ఎందరినో కాపాడిన ఈ వృద్ధ వైద్యుడు దానిని ఒప్పుకొనలేదు. ఆ విషయమున జెన్నరే సరియని కాలము తేల్చెను.

1799 సెప్టెంబరు 7వ తేదీన విల్ట్‌షైరులోని బోవుడ్ అను భవనమున, లాన్స్‌డౌన్ ప్రభువు అతిథిగా నుండి, ఇంగెన్‌హౌజ్ కన్నుమూసెను. అంతకు 25 ఏండ్లకు పూర్వము ప్రీస్ట్‌లీ ప్రాణవాయువును కనుగొన్నది ఆ భవనముననే. సమీపమున నున్న కాన్ పట్టణ దేవాలయమున అతనిని సమాధి చేసిరి.